రాబోయే మాట
(మొయినాబాద్‌లో జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉర్దూ మీడియం పంతులు తెలుగులో మాట్లాడుతున్నాడేమిటని కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శి గారి కోరిక అది. ఈ సావనీరు చదివే మన పిల్లల్లో చాలామందికి నేడు తెలుగు అక్షరమే బాగా తెలుసు. ఇంట్లో దక్కనీ, అంగట్లో తెలుగు, బడిలో ఉర్దూ, ఉద్యోగానికి ఇంగ్లీషు. నాలుగు భాషల నడుమ మన పిల్లవాడు నిలబడి ఉన్నాడు. అందుకే ఈ రోజు భాషను గూర్చే నాలుగు మాటలు మనవి చేసుకుందామని నిలబడ్డాను. మనం మాట్లాడటం, ఎదుటివాని మాట అర్థం చేసుకోవడం, విన్నది గుర్తుంచుకోవడం, ఈ మూడింటికీ వెనుక ఉన్న ఒక చిన్న శక్తి సంగతి అది.

ముందు ఒక పరీక్ష. నేనొక సామెత సగం చెప్తాను. "ఇంట గెలిచి..." చూశారా, నేను నోరు మూయకముందే మీరంతా "రచ్చ గెలువు" అన్నారు. ఇంకొకటి. "జైసీ కర్నీ..." ఔను, "వైసీ భర్నీ". ఎవరూ మిమ్మల్ని చెప్పమనలేదు. మీ మనసు నా నోటికంటే ఒక అడుగు ముందు నడిచింది. దీన్నే మనం ఉర్దూలోనూ తెలంగాణా తెలుగులోనూ "అందాజా" అంటాం. రాబోయే మాటను అందాజా వేయడం. ఇదే నేటి విషయం.

సామెత కనుక ముందే తెలుసు, అందులో వింతేముంది అంటారా? సామెత ఒక్కటే కాదు. మెహదీపట్నం బస్టాండులో నిలబడి ఆలోచించండి. బండ్ల చప్పుడు, హారన్లు, జనం. కండక్టరు "లంగర్‌హౌజ్, అజీజ్‌నగర్, మొయినాబాద్, చేవెళ్ళ" అని అరుస్తాడు. అందులో సగం అక్షరాలు గాలికి పోతాయి. అయినా మనకు మొయినాబాద్ స్పష్టంగా వినిపిస్తుంది. ఎందుకు? ఆ మాట కోసమే మన చెవి కాచుకొని ఉన్నది. ఈ దారి ఎరుగని కొత్త మనిషిని పక్కన నిలబెట్టండి. అతనికీ చెవులు రెండే, చప్పుడూ అదే. అయినా అతడు "ఏమంటున్నడు?" అని మిమ్మల్నే అడుగుతాడు.

అమెరికాలో రిచర్డ్ వారెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లో ఈ సంగతినే పరీక్ష చేసి ప్రకటించాడు. ఒక వాక్యం రికార్డు చేసి, ఒక మాటలోని ఒక ధ్వనిని కత్తిరించి, అక్కడ దగ్గు చప్పుడు పెట్టాడు. విన్నవాళ్ళకు మాట పూర్తిగానే వినబడింది. దగ్గు వినబడ్డది గాని, అది సరిగ్గా ఏ అక్షరం దగ్గర వచ్చిందో చెప్పలేకపోయారు. లేని ధ్వనిని మనసే నింపుకొన్నదన్న మాట. మనం చెవితో సగం వింటాం, అందాజాతో సగం వింటాం.

ఈ అందాజాను లెక్క కట్టినవారు కూడా ఉన్నారు. 1913లో రష్యా గణిత శాస్త్రజ్ఞుడు మార్కోవ్, పుష్కిన్ కావ్యంలోని ఇరవై వేల అక్షరాలు తీసుకొని, అచ్చు తరువాత హల్లు ఎన్నిసార్లు వచ్చింది, హల్లు తరువాత అచ్చు ఎన్నిసార్లు వచ్చింది అని కూర్చొని లెక్కించాడు. ఒక అక్షరాన్ని బట్టి తరువాతి అక్షరాన్ని కొంతవరకు చెప్పవచ్చునని ఆ లెక్కలో తేలింది. 1951లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ ఇంకో ఆట ఆడించాడు. ఎదుటివానికి కనబడని ఇంగ్లీషు వాక్యాన్ని ఒక్కొక్క అక్షరమే ఊహించి చెప్పమన్నాడు. తప్పు చెబితే సరియైన అక్షరం చెప్పి ముందుకు సాగాలి. ఆయన ఇచ్చిన ఒక ఉదాహరణలో, మాటల మధ్య ఖాళీలతో కలిపి 129 స్థానాలకు 89 సరిగ్గా చెప్పగలిగారు. నూటికి 69! మిగిలినవి తప్పినచోట్లు చూస్తే, ఎక్కువగా కొత్త మాట మొదలయ్యే దగ్గర తప్పినాయి. మాట నడుమకు వచ్చేసరికి ఊహ సులువైంది.

మెదడు సంగతి 1980లో తెలిసింది. మార్తా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషుల తలకు విద్యుత్తు కొలిచే తీగలు తగిలించి, తెర మీద ఒక్కొక్క మాట చూపుతూ వాక్యాలు చదివించారు. కొన్ని వాక్యాలు మామూలువి. కొన్నింటిలో చివరి మాట పొసగనిది. "పొద్దున లేచి చాయ్‌లో చక్కెర వేసుకొని రుమాలు తాగినాడు" అన్నట్టు. నవ్వారు కదా! మీరు నవ్వకముందే మీ మెదడులో ఒక అల లేచింది. పొసగని మాట కనబడిన తర్వాత సెకనులో సగం కూడా కాకుండా, సుమారు 400 మిల్లీసెకన్లకు, ఆ అల పెద్దగా కనబడుతుందని వారు చూపించారు. ఎదురుచూసిన మాట వస్తే ఆ అల చిన్నగా ఉంటుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అర్థం చేసుకోవడమంతా అందాజాయేనని కొందరు పండితులంటారు. అట్లా అనడం అతి అని మరికొందరంటారు. ఇంగ్లీషులో నామవాచకానికి ముందు వచ్చే "ఎ", "యాన్" అనే చిన్న మాటల దగ్గరే మెదడు రాబోయే మాటను పసిగడుతుందని 2005లో ఒక పరిశోధన చెప్పింది. 2018లో తొమ్మిది ప్రయోగశాలలు కలిసి మూడు వందల మందికి పైగా మనుషులతో అదే పరీక్ష మళ్ళీ చేస్తే, ఆ చిన్న మాటల దగ్గర ఆ ఫలితం నిలబడలేదు. కనుక అందాజా ఉన్నది, అది సాయం చేస్తుంది, కాని అదొక్కటే సర్వస్వం కాదు. ఊహించని మాటను కూడా మనం అర్థం చేసుకోగలం. లేకపోతే లోకంలో కొత్త సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేరు.

మన మట్టిలో ఉన్న విద్య

ఈ సంగతి శాస్త్రజ్ఞులు నిన్న మొన్న కనిపెట్టినా, మన దేశంలో కవులూ శ్రోతలూ ఏనాటినుండో దీనితో ఆడుకుంటున్నారు. తెలుగువారి అవధానం చూడండి. అష్టావధానంలో నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉన్నది. అవధాని ఒక అక్షరం చెబుతాడు. తరువాత ఏ అక్షరం రాబోతున్నదో పృచ్ఛకుడు ఊహించి, "ఆ అక్షరం వాడకూడదు" అని నిషేధిస్తాడు. అవధాని ఆ దారి వదిలి ఇంకో అక్షరంతో పద్యం నడిపించాలి, ఛందస్సు చెడకుండా, అర్థం చెడకుండా. పృచ్ఛకుడు అందాజా వేయలేనివాడైతే ఆట చప్పబడుతుంది. అతడు ఎంత గట్టి పండితుడైతే అంత గట్టిగా దారి మూయగలడు. షానన్ గారి ఆటకూ దీనికీ పోలిక చూశారా? అక్కడ ఊహ సరిపోతే గెలుపు. ఇక్కడ ఎదుటివాని ఊహను తప్పించుకుంటే గెలుపు. తిరుపతి వెంకట కవులు ఈ అవధాన విద్యతోనే ఊరూరా సభలు జరిపి పేరు పొందారు.

మన ముషాయిరా చూడండి. గజల్‌లో మొదటి షేర్, అంటే మత్లా, రెండు పాదాల చివరా కాఫియా, రదీఫ్ చెప్పేస్తుంది. అక్కడినుండి వినేవాళ్ళకు తాళంచెవి దొరికినట్టే. తరువాతి షేర్‌లో మొదటి పాదం చదివి షాయిర్ ఆగుతాడు. మళ్ళీ అదే చదువుతాడు. ఎందుకు? వినేవాళ్ళు రెండో పాదానికి తమ మనసులో చోటు సిద్ధం చేసుకోవాలని. రెండో పాదం వచ్చేటప్పటికి కాఫియా కవి నోటినుండి, సభ నోటినుండి ఒక్కసారే పలుకుతుంది. అప్పుడు లేచే "వాహ్ వా" ఉన్నదే, అందులో సగం మెప్పు కవికి, సగం ఆనందం మన అందాజా సరిపోయినందుకు. ఇక అందరూ ఒకటనుకుంటే కవి ఇంకొకటి, దానికంటే మంచిది చెబితే, అప్పుడు సభ కుర్చీలలో నిలవదు.

చదువులో దీని పని

ఇక మా బడి సంగతి. తెలుగు లిపిలో ప్రతి అచ్చు గుణింతంగా రాస్తాం. "క" వేరు, "కు" వేరు. అక్షరాలు వచ్చిన పిల్లవాడు అర్థం తెలియకపోయినా గడగడా చదివిపారేస్తాడు. ఉర్దూలో అట్లా కాదు. మామూలు రాతలో జబర్, జేర్, పేష్ పెట్టము. కాఫ్, లామ్ రెండక్షరాలు రాసి ఉంటే అది "కల్" కావచ్చు, "కుల్" కావచ్చు. అలిఫ్, సీన్ ఉంటే "ఇస్" కావచ్చు, "ఉస్" కావచ్చు. ఏది అన్నది చుట్టూ ఉన్న వాక్యమే చెప్పాలి. పైగా "కల్" అంటే నిన్న కూడా, రేపు కూడా. చివర క్రియ వచ్చేదాకా తేలదు. అంటే ఉర్దూ చదివే పిల్లవాడు అడుగడుగునా అందాజా వేయాల్సిందే. ఇంట్లో ఆ మాటలు విననివాడు అక్షరాలన్నీ నేర్చినా ఉర్దూ చదవలేడు. తెలుగు చదివేవాడు చదవగలడు గాని అర్థం కాదు. రెండు చోట్లా మూలం ఒకటే. చెవిలో పడని మాట కంటికి చిక్కదు.

మన పిల్లలకు తెలుగు ఎక్కడ కష్టమవుతున్నదో ఒక ఉదాహరణ చెప్తాను. "ముగ్గురు" అనగానే తెలుగు పిల్లవానికి తరువాత వచ్చేది మనుషులని తెలిసిపోతుంది. "మూడు" అంటే వస్తువులో, గొర్రెలో, రూపాయలో. ఉర్దూలో రెండింటికీ "తీన్" ఒక్కటే. అందుకే మన పిల్లలు "మూడు మనుషులు వచ్చిండ్రు" అంటారు. పక్కవాళ్ళు నవ్వుతారు. నవ్వడం తేలిక. అక్కడ తప్పిపోయింది ఒక మాట మాత్రమే కాదు, ముందున్న మాటను పసిగట్టే గుర్తు ఒకటి తప్పిపోయింది. అట్లాగే ఉర్దూలో "బడీ వాలీ" అనగానే రాబోయేది కుర్సీ కావచ్చు గాని దర్వాజా కాదని మనకు తెలుసు. తెలుగులో "పెద్ద" అంటే ఏ గుర్తూ దొరకదు. ఏ భాష గుర్తులు ఆ భాషవి. వాటిని సూత్రాలుగా కంఠస్థం చేయిస్తే రావు, వేలసార్లు వింటే వస్తాయి.

దక్కనీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఇండ్లల్లో మాట్లాడే దక్కనీని "గలత్ ఉర్దూ" అని చాలామంది చిన్నచూపు చూస్తారు. చదువుకొన్నవాళ్ళే ఎక్కువ చూస్తారు. కితాబీ ఉర్దూలో "ఉస్ నే కహా కి మైఁ కల్ ఆఊఁగా" అంటాం. "కహా కి" అన్న మాట ముందే వస్తుంది కనుక, ఇక వచ్చేది ఇంకొకరి మాట అని వినేవానికి ముందే తెలుస్తుంది. దక్కనీలో? "ఉనో కల్ ఆతూఁ బోల్‌కే బోలా". తెలుగులో? "వాడు రేపు వస్తనని అన్నడు". చూశారా! "బోల్‌కే" ఉన్నచోటనే తెలుగులో "అని" ఉన్నది. వరుస ఒకటే, అచ్చు ఒకటే. నాలుగైదు వందల ఏండ్లు ఒకే వీధిలో, ఒకే పొలం గట్టు మీద బతికినందుకు ఈ రెండు భాషల నడక ఒకటైంది. ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడు అనిపించుకొన్నాడు. పొన్నెగంటి తెలగన అచ్చ తెలుగులో రాసిన యయాతి చరిత్రను పటాన్‌చెరు అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. పటాన్‌చెరు మనకు దూరమేమీ కాదు. కనుక దక్కనీ మాట్లాడే పిల్లవానికి తెలుగు వాక్యం ఎటు నడుస్తుందో సగం ముందే తెలుసు. మాటలు నింపితే చాలు. ఇంటి భాషను చూసి సిగ్గుపడి దాన్ని పిల్లల నోట మాన్పించేవారు, తెలుగుకు వేసి ఉన్న వంతెనను తామే కూలగొడుతున్నారు.

మాట్లాడటం

వినడంలోనే కాదు, మాట్లాడటంలోనూ ఇదే పని చేస్తుంది. ఫ్రీడా గోల్డ్‌మన్ ఐస్లర్ అనే పరిశోధకురాలు 1958లో ప్రచురించిన పనిలో, మనుషులు మాట్లాడుతూ ఎక్కడ తడబడి ఆగుతారో కొలిచింది. సులువుగా ఊహించదగిన మాట ముందు ఎవరూ ఆగరు. ఊహకందని మాట ముందు ఆగుతారు. మన "అదే... మరి... ఏమంటరు..." అన్నీ అట్లాంటి చోటనే వస్తాయి. కనుక పిల్లవాడు మాట్లాడుతూ ఆగితే మొద్దు అనకండి. ఒక కొత్త మాట కోసం వెదుకుతున్నాడు. మీరు తొందరపడి అందిస్తే ఆ మాట మీదే అవుతుంది. ఒక క్షణం ఆగితే వానిది అవుతుంది.

పెద్దవాళ్ళ విషయంలో కూడా ఈ సంగతి అక్కరకు వస్తుంది. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవారు కొందరు సొంతంగా ఒక వాక్యం చెప్పలేకపోయినా, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టగలరు, చిన్ననాటినుండి పఠించినది పఠించగలరు. అలవాటైన దారిలో ఒక మాట మరో మాటను లాక్కొని వస్తుంది. అటువంటివారికి కొన్నిసార్లు మాట మొదటి అక్షరం అందిస్తే మిగతాది వస్తుంది. "చెప్పలేకపోతున్నడు" అని వదిలేయకుండా కొంచెం ఓపిక పట్టండి, వైద్యుణ్ణి కూడా అడగండి. చెవి మందగించిన పెద్దలతో కేకలు వేయడం కంటే, ముందు విషయం చెప్పండి. "అమ్మీ, పెండ్లి సంగతి చెప్తున్న" అని మొదలుపెడితే, తరువాతి మాటలు సగమే వినబడ్డా ఆమె అందుకొంటుంది.

గుర్తుంచుకోవడం

1950లో జార్జి మిల్లర్, జెన్నిఫర్ సెల్ఫ్రిడ్జ్ అనే ఇద్దరు కొన్ని మాటల జాబితాలు తయారు చేశారు. ఒకదానిలో మాటలు పొంతన లేకుండా ఉంటాయి. ఇంకొకదానిలో పక్కపక్క మాటలు కొంచెం పొసగుతాయి. మరొకదానిలో ఇంకా బాగా పొసగుతాయి. చివరిది అసలైన వాక్యం. పొసగడం పెరిగినకొద్దీ మనుషులు ఎక్కువ మాటలు గుర్తుంచుకొన్నారు. అయితే నాలుగైదు మాటల మేరకు పొందిక కుదిరిన తరువాత, అసలు వాక్యానికీ దానికీ జ్ఞాపకంలో పెద్ద తేడా కనబడలేదు. అంటే ఒక మాట చూసి తరువాతి మాట తట్టేటట్టు ఉంటే జ్ఞాపకం దానంతటదే గొలుసుకట్టుగా వస్తుంది. పద్యంలో యతిప్రాసలు, గజల్‌లో కాఫియా చేసే పని ఇదే. అవధాని చివరకు పద్యాలన్నీ అప్పజెప్పే ధారణకు ఛందస్సు ఎంత తోడో పండితులెరుగుదురు.

మన హాఫిజులకు దీని రెండో ముఖం కూడా బాగా తెలుసు. ఒకచోట వచ్చిన మాటల వరుస ఇంకొక చోట కొద్ది తేడాతో వస్తుంది. వాటిని ముతషాబిహాత్ అంటారు. అలవాటైన నాలుక ఒక దారిలో మొదలై ఇంకో దారిలో జారే ప్రమాదం అక్కడే ఉన్నది. అందుకే తరావీహ్‌లో వెనుక ఒక హాఫిజ్ శ్రద్ధగా వింటూ ఉంటాడు, తప్పితే లుక్మా ఇస్తాడు. ఎంత గొప్ప హాఫిజ్ అయినా లుక్మా తీసుకోవడానికి నామోషీ పడడు. జ్ఞాపకం మీద భరోసా ఉన్నచోటనే దాన్ని సరిచూసే మనిషిని కూడా నిలబెట్టారు మన పెద్దలు.

ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, అందాజా మనల్ని మోసం కూడా చేస్తుంది. 1995లో రోడిగర్, మెక్‌డెర్మాట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మంచం, విశ్రాంతి, అలసట, కల వంటి మాటల జాబితాలు మనుషులకు చదివి వినిపించారు. తరువాత అడిగితే చాలామంది "నిద్ర అన్న మాట కూడా ఉన్నది, విన్నాం" అన్నారు. ఆ మాట జాబితాలో లేనే లేదు. వాళ్ళు అబద్ధమాడలేదు. మనసు ఊహించినది చెవి విన్నదానితో కలిసిపోయింది. ఇప్పుడు మన ఊళ్ళ సంగతి ఆలోచించండి. అంగట్లో ఇద్దరి మధ్య మాట పెరిగింది. చుట్టూ గోల. సగం వినబడింది. మిగతా సగాన్ని మన భయం, మన కోపం నింపింది. "నా చెవులారా విన్న" అంటాం. ఇంకొకరు దాన్ని ఫోనులో పదిమందికి పంపుతారు. సాయంత్రానికి ఊరు రెండుగా చీలుతుంది. ఇటువైపు జరుగుతుంది, అటువైపూ జరుగుతుంది. "విన్నదెంత, నేను నింపుకొన్నదెంత?" అని ఒక్కసారి తనను తాను అడుగుకొన్నవాడు ఊరికి చేసే మేలు ఇంతా అంతా కాదు. ఇక్కడ కూడా మనకొక లుక్మా ఇచ్చేవాడు కావాలి.

పిల్లలకు పరీక్షల్లో జరిగే నష్టం కూడా ఇటువంటిదే. "కింది వాటిలో సరికానిది ఏది?" అని ప్రశ్న. పిల్లవాడు "కింది వాటిలో సరి..." దాకా చూసి, మిగతాది తానే "సరియైనది" అని నింపుకొని, మొదటి సరియైన జవాబుకు టిక్కు పెడతాడు. పాఠం వచ్చు, మార్కు రాదు. తెలుగులో కాదు, లేదు అన్న మాటలు వాక్యం చివరలోనే ఎక్కువగా వస్తాయి. అందుకని చివరి మాట చదవనిదే కలం ఎత్తవద్దని మా పిల్లలకు రోజూ చెబుతుంటాను.

నేటి యంత్రాలు

ఇప్పుడు మీ జేబులో ఉన్న ఫోను కూడా ఇదే పని చేస్తుంది. "అస్సలాము" అని కొట్టగానే "అలైకుమ్" అని అందిస్తుంది. 2022 చివరినుండి జనం నోట నానుతున్న చాట్‌జీపీటీ వంటి యంత్రాలు కూడా మూలంలో ఈ విద్యనే నేర్చినవి. లెక్కలేనంత రాత చదివి, తరువాతి మాట ఏదో ఊహించడం. ముఖ్యంగా ఈ పనిలో సాధన చేసి అవి ఉత్తరాలు రాస్తున్నాయి, ప్రశ్నలకు జవాబులిస్తున్నాయి. అది అర్థం చేసుకోవడమా, కాదా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నాకు తోచింది ఒకటి చెప్తాను. ఆకలిగా ఉన్న పిల్లవాడు "అమ్మీ, రొట్టె" అన్నప్పుడు వాడు తరువాతి మాటను మాత్రమే ఊహించడం లేదు, తల్లి చేతినీ ఊహిస్తున్నాడు. మాట వెనుక మనిషి ఉన్నాడు. యంత్రం చదివిన రాతలో మన దక్కనీ ఉన్నది చాలా తక్కువ, ఎందుకంటే దాన్ని మనం రాసింది తక్కువ. మన నానమ్మల మాట తీరు ఏ పుస్తకంలోనూ లేదు. అది పిల్లల చెవిలో పడకపోతే ఇక ఎక్కడా ఉండదు.

మనం చేయవలసినది

2012లో అలహాబాదులో జరిగిన ఒక పరిశోధన ఫలితం ప్రచురించారు. రమేశ్ కుమార్ మిశ్రా గారు, ఆయన సహచరులు చేసిన పని అది. ఆయన తరువాత మన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వచ్చారు. బాగా చదువుకొన్నవారినీ, బడి ముఖం సరిగా చూడనివారినీ కూర్చోబెట్టి, నాలుగు బొమ్మలు చూపుతూ హిందీ వాక్యాలు వినిపించారు. "ఊంచా వాలా" వంటి మాట రాగానే చదువుకొన్నవారి కళ్ళు, దర్వాజా అన్న మాట రాకముందే, దర్వాజా బొమ్మ మీదికి పోయాయి. చదువు లేనివారి కళ్ళు ఆ మాట చెవిలో పడ్డాకనే కదిలాయి. ఇద్దరికీ హిందీ ఇంటి భాషే. తెలివిలో తక్కువని కాదు. వేల పుటలు చదివిన కన్ను, మాట కంటే ముందు నడవడం నేర్చింది. చదువు మనిషికి ఉద్యోగం ఇస్తుందో లేదో గాని, వినేటప్పుడు ఒక అడుగు ముందుంచుతుందని దీనివల్ల తెలుస్తున్నది. ఆఫీసులో, దవాఖానాలో, బ్యాంకులో ఎదుటివాడు వేగంగా మాట్లాడినప్పుడు మనవాళ్ళు వెనుకబడటానికి ఇదీ ఒక కారణమేమో ఆలోచించండి.

2018లో మన రాష్ట్రంలో ఒకటినుండి పదో తరగతి వరకు తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అంతకు ముందటేడు, 2017లో, ఉర్దూకు రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా ఇచ్చారు. రెండు తలుపులూ తెరిచి ఉన్నాయి. లోపలికి నడవవలసింది మనం. అందుకు డబ్బు ఖర్చులేని నాలుగు పనులు మనవి చేస్తాను.

మొదటిది, ఇంట్లో మాట్లాడండి. మీకు ఏ భాష నిండుగా వస్తే ఆ భాషలో మాట్లాడండి. రాని ఇంగ్లీషులో పిల్లలతో రెండు ముక్కలు మాట్లాడి ఊరుకొంటే, వాని చెవికి ఏ భాషా నిండదు. రెండవది, రోజూ పది నిమిషాలు కథ చదివి వినిపించండి. నడుమ ఆగి "తరువాత ఏమైతది?" అని అడగండి. 1978లో స్లమెకా, గ్రాఫ్ అనే పరిశోధకులు, ఊరికే చదివిన మాట కంటే తానే ఊహించి తెచ్చుకొన్న మాట బాగా గుర్తుంటుందని చూపించారు. చదువు రాని తల్లి కూడా ఈ పని చేయవచ్చు, కథ తెలిస్తే చాలు. మూడవది, పక్కింటి తెలుగు పిల్లలతో మన పిల్లలను ఆడనివ్వండి. "ముగ్గురు" ఎక్కడ అనాలో పుస్తకం కంటే గోలీలాట తొందరగా నేర్పుతుంది. వాళ్ళ పిల్లలకూ రెండు ఉర్దూ మాటలు వస్తాయి, నష్టమేమీ లేదు. నాలుగవది, కంఠస్థం చేసినదాన్ని అర్థంతో కట్టండి. వరుస తప్పకుండా అప్పజెప్పిన పిల్లవాణ్ణి మెచ్చుకోండి. మెచ్చుకొని, "దీని మతలబు ఏమిటి బేటా?" అని ఒక్క మాట అడగండి. చెప్పలేకపోతే కొట్టకండి, మీరు చెప్పండి. మీకూ తెలియకపోతే ఇద్దరూ కలిసి మా దగ్గరికి రండి.

సంఘ పెద్దలకు ఒక విన్నపం. సభ్యుల చందాలతో ఏటా పిల్లలకు నోటు పుస్తకాలు పంచుతున్నారు, చాలా సంతోషం. ఈసారి వాటితోపాటు ఉర్దూ, తెలుగు కథల పుస్తకాలు కొన్ని కొని, మన దఫ్తరులో ఒక అల్మారాలో పెట్టించండి. ఆదివారం పొద్దున ఒక గంట పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చదివి వినిపిస్తారు. కూర్చోబెట్టే బాధ్యత నాది.

 ఇక నేను చెప్పబోయే మాట మీకు ముందే తెలుసు. మీ అందాజా నిజమే, సెలవు. ఖుదా హాఫిజ్.